పర్యావరణ ప్రజాభిప్రాయ సేకరణలో మీ అభ్యంతరం రికార్డుకెక్కాలంటే: సమగ్ర మార్గదర్శి

ఊరి పక్కన క్వారీయో, సిమెంటు ఫ్యాక్టరీయో, థర్మల్ కేంద్రమో రాబోతున్నదంటే, చుట్టుపక్కల గ్రామాలవారికి చట్టప్రకారం తమ మాట చెప్పుకునే అవకాశం సాధారణంగా ఒక్కసారే వస్తుంది. అదే పర్యావరణ ప్రజాభిప్రాయ సేకరణ. పర్యావరణ పరిరక్షణ చట్టం, 1986 కింద కేంద్ర ప్రభుత్వం 2006 సెప్టెంబరు 14న జారీ చేసిన ఈఐఏ నోటిఫికేషన్, అంటే పర్యావరణ ప్రభావ మదింపు ఉత్తర్వు, దీనికి ఆధారం. గని విషయంలో ఈ సభ తరువాత వచ్చే అనుమతి 30 ఏళ్ల దాకా చెల్లుతుంది కనుక, షామియానా కింద గడిచే ఆ రెండు మూడు గంటల విలువ తక్కువేమీ కాదు. అయినా చాలా సభల్లో జనం గొంతు చించుకుని మాట్లాడినదంతా చివరకు కాగితం మీద "కొందరు కాలుష్యంపై ఆందోళన వ్యక్తం చేశారు" అనే ఒక్క ముక్కగా మిగులుతున్నది. అలా కాకుండా ఏం చేయాలో ఈ వ్యాసం వరుసగా వివరిస్తుంది.

ముందుగా ఒక అపోహ తొలగించుకోవాలి

ప్రజాభిప్రాయ సేకరణ ఓటింగు కాదు. వెయ్యి మంది చేతులెత్తి వద్దన్నంత మాత్రాన ప్రాజెక్టు ఆగిపోదు. వెయ్యి మంది చప్పట్లు కొట్టినంత మాత్రాన అనుమతి వచ్చినట్టూ కాదు. నోటిఫికేషన్ కోరేది వేరు. ప్రజలు లేవనెత్తిన ప్రతి ముఖ్యమైన అంశం నమోదు కావాలి, దానికి దరఖాస్తుదారు సమాధానం చెప్పాలి, ఆ రెండింటినీ నిపుణుల కమిటీ పరిశీలించి తన సిఫారసుకు కారణాలు చూపాలి. కాబట్టి "మాకు ఈ గని వద్దు" అనే మాట కంటే "నివేదిక ఫలానా పేజీలో మా వాగు ప్రస్తావనే లేదు" అనే మాట ఎక్కువ దూరం ప్రయాణిస్తుంది. మొదటిదానికి జవాబు చెప్పవలసిన అవసరం ఎవరికీ రాదు, రెండోదానికి చెప్పక తప్పదు. రేపు ట్రిబ్యునల్ దాకా వెళ్లవలసి వస్తే అక్కడ నిలిచేదీ రెండోదే.

మొదటి అడుగు: ఏ అనుమతి నడుస్తున్నదో తేల్చుకోండి

ఒక్క గనికే అనుమతులు ఎన్నో ఉంటాయి. గనుల శాఖ ఇచ్చే లీజు వేరు, అటవీ భూమి ఉంటే 1980 నాటి అటవీ సంరక్షణ చట్టం కింద తీసుకునే అనుమతి వేరు, భూసేకరణ వేరు, పర్యావరణ అనుమతి వేరు, ఆ తరువాత కాలుష్య నియంత్రణ మండలి ఇచ్చే స్థాపన, నిర్వహణ సమ్మతులు వేరు. ఒకదానిలో చెప్పవలసినది మరొకదానిలో చెబితే "ఇది మా పరిధిలోకి రాదు" అన్న జవాబుతో సరిపెడతారు. భూమి ధర, నష్టపరిహారం, పునరావాసం గురించిన అసలు పోరాటం 2013 భూసేకరణ చట్టం కింద జరగాలి. ఆ చట్టం 11వ సెక్షన్ కింద ప్రాథమిక ప్రకటన వెలువడిన 60 రోజుల్లోగా 15వ సెక్షన్ కింద కలెక్టరుకు రాతపూర్వకంగా అభ్యంతరం ఇవ్వాలి. పర్యావరణ సభలో ఎకరానికి ఎంత ఇస్తారని ఎంత గట్టిగా అడిగినా ఆ 60 రోజుల గడువు ఆగదు.

పర్యావరణ అనుమతిలోనూ తరగతులున్నాయి. 'ఏ' తరగతి ప్రాజెక్టులకు కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖ అనుమతి ఇస్తుంది, 'బీ' తరగతి ప్రాజెక్టులకు రాష్ట్ర స్థాయి అథారిటీ ఇస్తుంది. 'బీ'లో మళ్లీ 'బీ1', 'బీ2' ఉన్నాయి. 'బీ2'లో చేరినవాటికి సభే ఉండదు. ఆమోదం పొందిన పారిశ్రామిక వాడల్లో వచ్చే యూనిట్లకు, కొత్తగా భూమి సేకరించకుండా చేసే రహదారి విస్తరణలకు, భవన నిర్మాణాలకు, దేశ రక్షణకు సంబంధించినవాటికి కూడా మినహాయింపు ఉంది. దరఖాస్తు ఏ తరగతిలో ఉన్నదీ, ప్రస్తుతం ఏ దశలో ఉన్నదీ మంత్రిత్వ శాఖ 'పరివేశ్' పోర్టల్‌లో కనిపిస్తుంది. ఒకే కొండను చిన్న చిన్న ముక్కలుగా చేసి వేర్వేరు పేర్లతో దరఖాస్తులు పెట్టిన ఆనవాళ్లు కనిపిస్తే, సర్వే నంబర్లను గ్రామ పటం మీద గుర్తించి పెట్టుకోండి. ఆ ఒక్క పటమే పెద్ద సాక్ష్యమవుతుంది.

రెండో అడుగు: ప్రకటనను చూడండి, తేదీలు లెక్కపెట్టండి

సభ తేదీకి కనీసం 30 రోజుల ముందు, ఒక జాతీయ దినపత్రికలోనూ ఒక ప్రాంతీయ భాషా దినపత్రికలోనూ కాలుష్య నియంత్రణ మండలి ప్రకటన ఇవ్వాలి. పత్రికలు చేరని చోట దండోరా వేయించాలి. ఆ ప్రకటనను తేదీ, పత్రిక పేరు కనిపించేలా కత్తిరించి దాచుకోండి. 30 రోజులకు ఒక్క రోజు తగ్గినా అది రాతలో పెట్టదగిన అభ్యంతరమే. సభాస్థలి ప్రాజెక్టు స్థలంలోనో, దానికి బాగా దగ్గరలోనో ఉండాలి. ప్రాజెక్టు రెండు జిల్లాల్లో విస్తరిస్తే రెండు చోట్లా విడివిడిగా సభ పెట్టాలి. తేదీని, వేదికను ఇష్టం వచ్చినట్టు మార్చడానికి వీల్లేదు. అత్యవసర పరిస్థితి ఏర్పడితే, అదీ కలెక్టరు సిఫారసు చేస్తేనే వాయిదా వేయాలి, ఆ సంగతి అవే పత్రికల్లో మళ్లీ ప్రకటించాలి.

మూడో అడుగు: ముసాయిదా నివేదికను చేతికి తెచ్చుకోండి

ఈఐఏ ముసాయిదా నివేదిక, దాని తెలుగు సారాంశం కలెక్టరు కార్యాలయంలో, జిల్లా పరిషత్తులో, జిల్లా పరిశ్రమల కేంద్రంలో, స్థానిక సంస్థల్లో, కాలుష్య నియంత్రణ మండలి కార్యాలయంలో, మంత్రిత్వ శాఖ ప్రాంతీయ కార్యాలయంలో ప్రజలకు అందుబాటులో ఉండాలి. ఉండాలన్నది నియమం, పంచాయతీ కార్యాలయానికి వెళితే "మాకు ఏమీ రాలేదండీ" అనే మాట వినిపించడం కూడా మామూలే. అప్పుడు వాదన పెట్టుకోకుండా, ఫలానా తేదీన వచ్చి అడిగాము, నివేదిక లేదన్నారు అని ఒక అర్జీ రాసి ఇచ్చి, రెండో ప్రతి మీద ముద్ర, సంతకం వేయించుకోండి. అదే రోజు మరో కార్యాలయానికి వెళ్లి నకలు అడగండి. సమాచార హక్కు దరఖాస్తు కూడా పెట్టండి గానీ దాని మీదే ఆధారపడకండి. జవాబివ్వడానికి వారికి 30 రోజుల గడువు ఉంటుంది కనుక, అది వచ్చేసరికి సభ ముగిసిపోవచ్చు.

తెలుగు సారాంశంతో సరిపెట్టుకోవద్దు. పదీ ఇరవై పేజీల సారాంశంలో అన్నీ సవ్యంగానే కనిపిస్తాయి. తేడాలన్నీ వందల పేజీల ఇంగ్లీషు నివేదికలో, దాని అనుబంధాల్లో ఉంటాయి. ఊళ్లో డిగ్రీ చదివిన పిల్లలు నలుగురు కూర్చుని అధ్యాయాలు పంచుకుంటే వారం రోజుల పని.

నాలుగో అడుగు: నివేదికను ఊరి కళ్లతో చదవండి

ఈ పని మీదే ఎక్కువ సమయం పెట్టాలి. నివేదిక రాసిన సంస్థ మీ ఊరిని చూసింది కొద్ది రోజులే, మీరు చూస్తున్నది తరతరాలుగా. ఆ తేడా బయటపడే చోట్లు కొన్ని ఉన్నాయి.

మొదటిది భూ వినియోగ పట్టిక. సాధారణంగా ప్రాజెక్టు చుట్టూ 10 కిలోమీటర్ల పరిధిని అధ్యయన ప్రాంతంగా తీసుకుని, అందులో సాగుభూమి ఎంత, బీడు ఎంత, నీటి వనరులు ఎన్ని అని చూపిస్తారు. మీ అడంగల్, పహాణీ, గ్రామ పటం పక్కన పెట్టుకుని సర్వే నంబరు వారీగా సరిపోల్చండి. చెరువు శిఖం, పుంత, పశువుల మేత పోరంబోకు, శ్మశానం వంటివి చాలా సులువుగా "బంజరు" అనే ఒక్క గడిలో కలిసిపోతాయి. శ్రీకాకుళం జిల్లా సోంపేటలో జరిగినదాన్ని ఇక్కడ గుర్తు చేసుకోవాలి. అక్కడ థర్మల్ విద్యుత్ కేంద్రానికి కేటాయించిన భూమిని కాగితాల్లో పనికిరాని నేలగా చూపారు. స్థానికులు బీల అని పిలుచుకునే ఆ తడినేల చేపలకు, సాగుకు, చుట్టూ ఉన్న ఊళ్ల నీటికి ఆధారం. ఈ వాస్తవం మీదే వాదన నడిచి, ఆనాటి జాతీయ పర్యావరణ అప్పీలేట్ అథారిటీ 2010 జూలై 14న పర్యావరణ అనుమతిని రద్దు చేసింది. అదే రోజు అక్కడ పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. నేల స్వభావాన్ని గురించిన ఒక తప్పుడు మాట ఎంత దూరం పోతుందో చెప్పడానికి మన ప్రాంతంలో ఇంతకన్నా చేదు ఉదాహరణ నాకు కనబడదు.

రెండోది నీరు. గని ఎంత లోతుకు తవ్వుతారు, భూగర్భ జలం ఎంత లోతులో ఉందంటున్నారు అన్న రెండు అంకెలను పక్కపక్కన రాయండి. నీరు 15 మీటర్ల లోతున ఉందని నివేదిక చెబుతుంటే, మీ బావుల్లో 6 మీటర్లకే నీరు కనబడుతుంటే, తాడుకు రాయి కట్టి వదిలి, తాడు పొడవు టేపుతో కొలిచి, బావి యజమాని పేరు, సర్వే నంబరు, తేదీ రాసి, ఫోటో తీయండి. పది బావులు చాలు. నివేదికలోని కొలతలు సాధారణంగా వానాకాలం కాని ఒకే సీజనులో తీసినవై ఉంటాయి; అవి ఏ నెలలవో, ఏ ఏటివో చూడండి. మూడేళ్లు దాటిన కొలతలైతే ఆ మాట ప్రత్యేకంగా రాయండి.

మూడోది లారీలు. దుమ్ము అధ్యాయంలో గని లోపలి దుమ్ము గురించి చాలా రాస్తారు. ఊరి మధ్య నుంచి పోయే దారి గురించి రెండు వాక్యాలతో సరిపెడతారు. లెక్క మీరే వేసుకోవచ్చు. ఏడాదికి 3 లక్షల టన్నుల ఉత్పత్తి, 300 పనిదినాలు అనుకుంటే రోజుకు 1,000 టన్నులు. 20 టన్నుల టిప్పర్లయితే 50 లోడ్లు, ఖాళీగా తిరిగి వచ్చేవి కూడా కలిపితే 100 ట్రిప్పులు. పది గంటల పనిలో ప్రతి ఆరు నిమిషాలకూ ఒక టిప్పరు. బడి గేటు ముందు నుంచి ప్రతి ఆరు నిమిషాలకూ ఒక టిప్పరు పోతుందన్న సంగతి నివేదికలో ఎక్కడా ఉండదు. ఉత్పత్తి అంకె మాత్రం ఉంటుంది. ఆ అంకె నుంచి ఈ మాట రాబట్టి, ఆ దారిలో పీఎం10 ధూళికణాలను ఎక్కడ కొలిచారో అడగండి. నివాస ప్రాంతాల్లో 24 గంటల సగటు ఘనపు మీటరుకు 100 మైక్రోగ్రాములు దాటకూడదన్నది 2009లో ప్రకటించిన జాతీయ ప్రమాణం.

ఇవి కాక, నివేదికలో మరో జిల్లా పేరో, మన నేలలో పెరగని చెట్ల జాబితానో కనబడితే అది వేరే నివేదిక నుంచి ఎత్తి రాసినదని అనుమానించవచ్చు. ఉద్దేశపూర్వకంగా తప్పుడు సమాచారం ఇచ్చినా, ముఖ్య విషయం దాచినా దరఖాస్తును తిరస్కరించవచ్చని, ఇచ్చిన అనుమతిని కూడా రద్దు చేయవచ్చని ఈఐఏ నోటిఫికేషన్‌లోని 8వ పేరా చెబుతున్నది. అందుకే తప్పు దొరికిన ప్రతిచోటా పేజీ సంఖ్య రాసుకోవాలి.

ఐదో అడుగు: అభ్యంతరాన్ని రాతలో పెట్టండి

సభకు రాలేనివారు కూడా తమ స్పందనను కాలుష్య నియంత్రణ మండలికి రాతపూర్వకంగా పంపవచ్చు. సభకు వచ్చేవారు కూడా రాసుకునే రావాలి. ఒక్కొక్క అంశానికి మూడు వాక్యాలు చాలు: నివేదిక ఫలానా పేజీలో ఏమన్నది, నేల మీద ఉన్నది ఏమిటి, దానికి మా ఆధారం ఏమిటి. ఉదాహరణకు ఇలా రాయవచ్చు: "నివేదిక 84వ పేజీలో గని సరిహద్దుకు ఒక కిలోమీటరు లోపు నీటి వనరులు లేవని రాశారు. సర్వే నంబరు 112లో 40 ఎకరాల ఆయకట్టు గల కుంట 300 మీటర్ల దూరంలో ఉన్నది. గ్రామ పటం నకలు, కుంట ఫోటో, ఆయకట్టు రైతుల సంతకాలు జతచేస్తున్నాము." ఇంతే. దీనిలో విశేషణం ఒక్కటి కూడా లేదు, అవసరమూ లేదు.

ఒకే నమూనా లేఖ మీద ఐదు వందల సంతకాలు చేయించడం కంటే, వేర్వేరు అంశాల మీద పాతిక లేఖలు రావడం మంచిది. ఒకే రకం లేఖలను ఒకే అంశంగా లెక్కకట్టి ఒకే జవాబు ఇస్తారు. బావి రైతు నీటి గురించి, గొర్రెల కాపరి మేత గురించి, ఆశా కార్యకర్త ఊళ్లో ఇప్పటికే ఉన్న ఊపిరితిత్తుల జబ్బుల గురించి రాయాలి. ప్రతి లేఖ రెండో ప్రతి మీదా అందినట్టు సంతకం తీసుకోండి, లేదా రిజిస్టర్డ్ పోస్టులో పంపి రసీదు దాచండి.

ఉద్యోగాల విషయంలో ఒక మాట. స్థానికులకు ఉద్యోగాలు కావాలని అడగడంలో తప్పు లేదు. కానీ సభంతా ఆ ఒక్క కోరిక చుట్టూ తిరిగితే, దరఖాస్తుదారు జవాబు "అర్హతను బట్టి స్థానికులకు ప్రాధాన్యమిస్తాం" అనే ఒక్క వాక్యంతో తేలికగా ముగుస్తుంది. అడిగితే ఎన్ని ఉద్యోగాలు, ఏ అర్హతతో, శాశ్వతమా కాంట్రాక్టా అని అడిగి, ఆ అంకెను మినిట్స్‌లో, అంటే సభా వివరాల రికార్డులో, రాయించాలి.

ఆరో అడుగు: సభ రోజు

వేదిక మీద ఎవరు కూర్చున్నారో ముందు చూడండి. జిల్లా కలెక్టరు గానీ, అదనపు జిల్లా మేజిస్ట్రేటు హోదాకు తగ్గని ఆయన ప్రతినిధి గానీ అధ్యక్షత వహించాలి. ఆర్డీవోతోనో తహసీల్దారుతోనో సభ నడిపిస్తుంటే ఆ సంగతి అక్కడే లేచి చెప్పి, రాసి కూడా ఇవ్వండి. హాజరైనవారి వివరాలు నమోదు చేయాలి, మొత్తం సభను వీడియో తీయాలి. మొదట దరఖాస్తుదారు ప్రతినిధి ప్రాజెక్టు గురించి, నివేదిక సారాంశం గురించి వివరిస్తాడు. ఆ తరువాత హాజరైన ప్రతి ఒక్కరికీ వివరణ అడిగే అవకాశం ఇవ్వాలి.

మైకు పట్టుకున్నాక పేరు, ఊరు చెప్పి, ఒక్క అంశమే చెప్పి, పేజీ సంఖ్య చదివి, రాత ప్రతిని అధికారి చేతికిచ్చి దిగండి. మాట్లాడే వరుసను ముందే కూర్చుని నిర్ణయించుకుంటే చెప్పిందే చెప్పడం తప్పుతుంది. ఆడవారిని మొదటే మాట్లాడించండి. సాయంత్రమయ్యే కొద్దీ మైకు చుట్టూ తోపులాట పెరిగి వారికి అవకాశం దక్కదు.

ఇక సభను బహిష్కరించడం, అడ్డుకోవడం గురించి. కోపం అర్థం చేసుకోదగినదే అయినా, నియమం తెలియకుండా ఆ పని చేయకూడదు. ఈ సభకు కోరం లేదు. పదిమంది వచ్చినా సభ జరిగినట్టే లెక్క. పైగా స్థానిక పరిస్థితుల వల్ల ప్రజలు స్వేచ్ఛగా అభిప్రాయం చెప్పేలా సభ జరపడం సాధ్యం కాదని మండలి నివేదిస్తే, అసలు సభే లేకుండా ముందుకు పోవడానికి అనుమతినిచ్చే అధికారికి వీలుంది. కుర్చీలు విరిగిన సభ వల్ల ఎవరికి మేలో దీన్నిబట్టి ఆలోచించుకోవచ్చు. నిరసన తెలపాలనుకుంటే షామియానా బయట ప్లకార్డులు పట్టుకోండి, లోపల కాగితాలు ఇవ్వండి. రెండూ ఒకే రోజు చేయవచ్చు.

సభ ముగిసే ముందు అసలు ఘట్టం వస్తుంది. వ్యక్తమైన అభిప్రాయాల సారాంశాన్ని అక్కడికక్కడే తెలుగులో చదివి వినిపించాలి, అదే రోజు అధ్యక్షత వహించిన అధికారి సంతకం చేయాలి. అప్పటికి జనంలో సగం మంది భోజనాలకో బస్సుకో వెళ్లిపోయి ఉంటారు. మీవారు కనీసం పదిమంది చివరిదాకా కూర్చుని, తమ అంశాల జాబితాతో సరిచూసుకుని, తప్పిపోయినదాన్ని "ఇది కూడా చేర్చండి" అని అక్కడే చెప్పాలి. ఈ పదిహేను నిమిషాలు వదిలేస్తే నెల రోజుల కష్టం వృథా అవుతుంది.

ఏడో అడుగు: సభ తరువాత

మండలి సభా వివరాలను 8 రోజుల్లోగా అనుమతినిచ్చే అధికారికి పంపాలి. పంచాయతీ, జిల్లా పరిషత్తు, కలెక్టరు కార్యాలయాల్లో ప్రదర్శించాలి. వాటిపై అభ్యంతరాలుంటే అనుమతినిచ్చే అధికారికి, దరఖాస్తుదారుకు నేరుగా రాయవచ్చు. వీడియో నకలును సమాచార హక్కు కింద అడిగి తెచ్చుకోండి. మినిట్స్‌కూ వీడియోకూ పొంతన లేకపోతే అదే మీ బలం. ఆ తరువాత దరఖాస్తు నిపుణుల కమిటీ ముందుకు వస్తుంది. కమిటీ సమావేశాల అజెండా పోర్టల్‌లో ముందుగానే పెడతారు. మీ అంశాలకు ఇచ్చిన జవాబుల పట్టికను తుది నివేదికలో చూసి, తప్పించుకున్న జవాబులను ఎత్తిచూపుతూ కమిటీకి ఒక లేఖ పంపండి.

షెడ్యూల్డ్ ప్రాంతాల్లో అదనంగా కొన్ని హక్కులున్నాయి. పంచాయతీ వ్యవస్థను షెడ్యూల్డ్ ప్రాంతాలకు విస్తరించిన 1996 నాటి పీసా చట్టం ప్రకారం చిన్నతరహా ఖనిజాల లీజుకు ముందు గ్రామసభ గానీ, తగిన స్థాయి పంచాయతీ గానీ సిఫారసు చేయడం తప్పనిసరి. గిరిజన ప్రాంతాల్లోని ప్రభుత్వ భూమిని గిరిజనేతర ప్రైవేటు సంస్థలకు గనుల కోసం లీజుకివ్వడం చెల్లదని 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు చెప్పింది; ఆ కేసు పుట్టింది విశాఖ మన్యంలోని అనంతగిరి ప్రాంతం నుంచే. ఒడిశాలోని నియమగిరి విషయంలో 2013 ఏప్రిల్ 18న ఇచ్చిన తీర్పు తరువాత 12 గ్రామసభలు బాక్సైట్ తవ్వకాన్ని తిరస్కరించాయి. గ్రామసభ తీర్మానం రిజిస్టరులో తేదీతో, సంతకాలతో సక్రమంగా ఉండాలి, నకలు ఊరివారి దగ్గర ఉండాలి.

ఎనిమిదో అడుగు: అనుమతి వచ్చేస్తే

అనుమతి వచ్చిన ఏడు రోజుల్లోగా రెండు స్థానిక పత్రికల్లో ఆ సంగతి ప్రకటించాలన్న షరతును సాధారణంగా అనుమతి ఉత్తర్వులోనే పెడతారు. జాతీయ హరిత ట్రిబ్యునల్ చట్టం, 2010లోని 16వ సెక్షన్ కింద అప్పీలుకు ఉత్తర్వు తెలియజేసిన నాటి నుంచి 30 రోజుల గడువు ఉంటుంది. తగిన కారణం చూపితే మరో 60 రోజుల దాకా అనుమతించవచ్చు; ఆ పైన ఒక్క రోజు కూడా మన్నించే అధికారం ట్రిబ్యునల్‌కు లేదు. రెండు తెలుగు రాష్ట్రాలకూ చెన్నైలోని దక్షిణ మండల ధర్మాసనమే దిక్కు. నష్టపరిహారం కోరని అప్పీలుకు రుసుము 1,000 రూపాయలు.

అప్పీలు చేయకపోయినా, చేసి ఓడిపోయినా, ఉత్తర్వులోని షరతులు మిగిలే ఉంటాయి. నీళ్లు చల్లాలి, ఇంత వెడల్పున పచ్చదనం పెంచాలి, ఇన్ని చోట్ల గాలిని కొలవాలి వంటి షరతుల అమలుపై యాజమాన్యం ఏటా జూన్ 1న, డిసెంబరు 1న నివేదికలు సమర్పించాలి. అవి ప్రజలు చూడదగిన పత్రాలే. షరతుల జాబితాను తెలుగులో రాయించి పంచాయతీ కార్యాలయంలో పెట్టించి, ఒక్కో షరతుకు ఎదురుగా నేల మీద ఏం జరుగుతున్నదో ఆరు నెలలకోసారి రాసుకోండి. ఉల్లంఘన కనబడితే తేదీ వేసిన ఫోటోలతో మంత్రిత్వ శాఖ ప్రాంతీయ కార్యాలయానికి, కాలుష్య నియంత్రణ మండలికి ఫిర్యాదు పంపండి. గని విస్తరణ కోసం యాజమాన్యం మళ్లీ దరఖాస్తు పెట్టినప్పుడు, పాత షరతుల అమలు ఎలా ఉన్నదన్న ప్రశ్న తప్పకుండా వస్తుంది. ఆ రోజు కమిటీ ముందు పెట్టవలసినది ఈ రిజిస్టరే.